బ్రేకు వేయడం వచ్చింది, ఇక వదలడం నేర్చుకోండి

ప్రశ్న: మాది అనంతపురం. పదేళ్ల నాటి పెట్రోలు స్విఫ్ట్ నడుపుతున్నాను. ఐదు గేర్ల మాన్యువల్, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉంది. స్నేహితులతో కలిసి చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాకులో ట్రాక్ డేకి (సొంత బండిని రేసు ట్రాకు మీద నడపనిచ్చే రోజు) రెండుసార్లు వెళ్లాను. బ్రేకు ఎంత ఆలస్యంగా వేసినా ల్యాపు టైము తగ్గడం లేదు, రెండోసారి ఇంకా పెరిగింది. మలుపులో స్టీరింగు ఎంత తిప్పినా కారు బయటికే పోతోంది. మూడు నుంచి రెండుకు గేరు దించితే కారు గుంజుకుంటోంది, ముందు టైర్లు కీచుమంటున్నాయి. ఐదో ల్యాపుకు బ్రేకు పెడలు మెత్తబడి కిందికి దిగిపోయింది, కాసేపు ఆపితే మళ్లీ మామూలైంది. మూడోసారి పోయేలోపు తెల్లవారుజామున హైవే మీద గానీ, కడప దగ్గర గువ్వలచెరువు ఘాట్‌లో గానీ ప్రాక్టీసు చేసుకోవచ్చా? – ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: పెడలు కిందికి దిగిపోవడాన్ని మీరు చివర్లో ఒక్క ముక్కలో చెప్పేశారు. మేం దాన్నే ముందు పట్టుకుంటాం. ఆ సంగతి తేలేదాకా ఆ కారును ట్రాకు మీదికి తీసుకుపోవద్దు.

చల్లారాక పెడలు మామూలైందంటే, మీ బ్రేకు ఆయిలు మరిగింది. బ్రేకు ఆయిలుకు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. బ్రేకు ఆయిళ్ల రకాలకు డాట్ అంకెలుంటాయి. కొత్త డాట్ 3 ఆయిలు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక అది 140కి పడిపోతుంది. డాట్ 4కి ఈ అంకెలు 230, 155. డాట్ 5.1కి 260, 180. ట్రాకు మీద వరుసగా నాలుగు ల్యాపులు గట్టిగా బ్రేకు వేస్తే చక్రాల డిస్కుల వేడి, వాటిని ప్యాడ్లతో నొక్కే క్యాలిపర్‌లోకి దిగి, పాత ఆయిలును మరిగిస్తుంది. ఆవిరి బుడగలు పుడతాయి. ఆయిలును నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. మీ కాలు ఆ బుడగలను నలపడానికే సరిపోతుంది, ప్యాడ్ల దాకా ఒత్తిడి పోదు. ఇంకో రకం కూడా ఉంది: పెడలు రాయిలా గట్టిగానే ఉంటుంది, బండి మాత్రం ఆగదు. అప్పుడు తప్పు ప్యాడ్లది, వేడికి వాటి పట్టు పోయిందన్నమాట. మీది మొదటి రకం.

కాబట్టి ఆయిలు మొత్తం మార్పించండి. చిన్న కారుకు ఒక లీటరు సరిపోతుంది. సీలు తీయని డబ్బానే కొనండి. నెలల తరబడి మూత తీసి ఉన్న డబ్బా అప్పటికే తేమ తాగి ఉంటుంది. డాట్ 4 గానీ 5.1 గానీ పోయించండి. డాట్ 5 మాత్రం వద్దు, అది సిలికాన్ ఆయిలు, వీటితో కలవదు. షెడ్డులో మీరు దగ్గరుండి చూసుకోవాల్సింది ఒకటుంది. బ్లీడింగ్ (పాత ఆయిలునూ గాలినీ బయటికి తీయడం) చేసేటప్పుడు కుర్రాడు పెడలును నేల దాకా తొక్కేస్తాడు. పదేళ్ల బండిలో, పెడలు ఒత్తిడిని ఆయిలుకు అందించే మాస్టర్ సిలిండర్ పిస్టన్ ఎప్పుడూ అంత లోపలికి పోయి ఉండదు. అక్కడ తుప్పు, మడ్డి పేరుకుని ఉంటాయి. సీలు వాటి మీద రాసుకుని చిరుగుతుంది, వారం తిరక్కుండా పెడలు దిగడం మొదలవుతుంది. పెడలు కింద ఒక చెక్కముక్క పెట్టించండి, పూర్తిగా దిగకుండా ఆపుతుంది. రిజర్వాయరులో ఆయిలు కనిష్ఠ గీత కిందికి పోకూడదు, పోతే గాలి దూరి చేసిన పనంతా మొదటికొస్తుంది. ఆయిలు బయటికొచ్చే నిప్పుల్ దగ్గర పెట్టిన పైపులో బుడగ లేకుండా, కొత్త ఆయిలు రంగు కనబడేదాకా ప్రతి చక్రానికీ చేయించండి. పెయింటు మీద ఒక్క చుక్క పడినా వెంటనే నీళ్లతో కడగాలి.

ముందు చక్రాల ప్యాడ్లు 6 మిల్లీమీటర్ల కన్నా తక్కువుంటే మార్చండి. పలుచని ప్యాడు వేడిని ఆపలేక నేరుగా ఆయిలుకే అందిస్తుంది. ట్రాకు మీద రెండు మూడు ల్యాపులు గట్టిగా నడిపితే, తర్వాతి ల్యాపు బ్రేకు దాదాపు ముట్టకుండా నెమ్మదిగా తిరిగి రావాలి. చక్రాల్లోంచి పారే గాలే డిస్కులను చల్లారుస్తుంది. లోపలికొచ్చి ఆగాక బ్రేకు మీద కాలు పెట్టి కూర్చోవద్దు. కాలుతున్న ప్యాడు డిస్కును ఒకేచోట నొక్కి అక్కడ తన పదార్థాన్ని అంటిస్తుంది, ఆ తర్వాత బ్రేకు వేసినప్పుడల్లా స్టీరింగు వణుకుతుంది. హ్యాండ్‌బ్రేకు కూడా వద్దు. మీ వెనక చక్రాలకు ఉన్నవి డ్రమ్ములు. వేడి డ్రమ్ము చల్లారుతూ కుదించుకున్నప్పుడు షూలు పట్టేస్తాయి. మొదటి గేరులో వదిలి, చక్రాల కింద రాళ్లు పెట్టండి.

ఇక ల్యాపు టైము. ఆలస్యంగా బ్రేకు వేయడమే వేగమని దాదాపు ప్రతి కొత్త డ్రైవరూ అనుకుంటారు. లెక్క వేసి చూడండి. పొడి తారు మీద మామూలు రోడ్డు టైర్లతో భూమ్యాకర్షణలో 0.8 వంతు బలంతో బ్రేకు పడుతుందనుకుందాం. 130 కిలోమీటర్ల వేగాన్ని 60కి దించడానికి సుమారు 65 మీటర్లు, రెండున్నర సెకన్లు పడుతుంది. మీరు బ్రేకును 5 మీటర్లు ఆలస్యం చేస్తే మిగిలేది 0.15 సెకన్లు, అదీ అంతా సరిగ్గా కుదిరితేనే. ఆ తొందరలో ఎపెక్స్ (మలుపులో లోపలి అంచును తాకాల్సిన చోటు) తప్పిపోయి, మలుపులోంచి 70తో రావాల్సిన బండి 66తో బయటపడిందనుకోండి. ముందున్న 400 మీటర్ల స్ట్రెయిట్‌లో దాదాపు 0.3 సెకన్లు పోతాయి. పదిహేను పైసలు మిగిల్చుకోబోయి ముప్పై పైసలు పారేసుకున్నట్టు. మీ టైము పెరగడానికి కారణం ఇదే అయ్యుంటుంది.

మలుపులో బండి బయటికి పోవడం కూడా ఇక్కడే మొదలవుతోంది. శనగకాయల మూటలు వేసిన ఎద్దుల బండిని గుర్తు తెచ్చుకోండి. మూటలు ముందుకు జరిగితే కాడి ఎద్దుల మెడ మీద నొక్కుతుంది, వెనక్కి జరిగితే కాడి పైకి లేస్తుంది. కారులో ఆ మూటలను జరిపేవి మీ పాదాలు. మీ స్విఫ్ట్ మనిషితో కలిపి వెయ్యి కిలోలనుకుంటే, నిలబడి ఉన్నప్పుడు ముందు చక్రాల మీద సుమారు 600, వెనక 400 ఉంటుంది. పైన చెప్పినంత గట్టిగా బ్రేకు వేస్తే 180 కిలోల దాకా ముందుకు జరుగుతుంది. ముందు 780, వెనక 220. ముందు టైర్లు తారును కరుచుకుని పట్టుకునేది ఆ సమయంలోనే. మలుపు తిప్పడానికి మీకు కావలసిన పట్టు కూడా అదే.

మరి మీరు చేస్తున్నదేమిటి? చివరిదాకా పూర్తి బ్రేకు మీదుండి, ఒక్కసారిగా కాలు తీసేసి, అప్పుడు స్టీరింగు తిప్పుతున్నారని మీ ఉత్తరాన్ని బట్టి అర్థమవుతోంది. కాలు తీయగానే ముందు స్ప్రింగులు పైకి తన్నుతాయి, ఆ 180 కిలోలు వెనక్కి పోతాయి. ముందు టైర్లు తేలికైన క్షణంలోనే వాటిని తిరగమని అడుగుతున్నారు. అవి తిరగవు. మీరు ఇంకా తిప్పుతారు. ఒక కోణం దాటాక టైరు ఎంత తిప్పితే అంత పట్టు తగ్గుతుంది. బండి నేరుగా బయటికి జారిపోతుంది.

అందుకే మీ మూడో ట్రాక్ డే మొత్తం బ్రేకు వదలడం మీదే పెట్టమంటాం. టైరుకున్న పట్టు ఒక్కటే. దాన్ని బ్రేకుకూ మలుపుకూ పంచాలి. స్టీరింగు నిటారుగా ఉన్నంతసేపు పట్టు అంతా బ్రేకుకే ఇవ్వండి. స్టీరింగు తిరగడం మొదలైన క్షణం నుంచి పెడలు మీద బరువు తగ్గుతూ రావాలి. చేతులు పావు వంతు తిరిగేసరికి బ్రేకు సగానికి, సగం తిరిగేసరికి పాదం పెడలును తాకుతూ మాత్రమే ఉండాలి. ఎపెక్స్ చేరేలోపు పూర్తిగా వదిలేయాలి. నీళ్ల కుళాయిని మెల్లగా కట్టినట్టు వదలాలి, స్విచ్చు ఆపినట్టు కాదు. దీన్ని ట్రెయిల్ బ్రేకింగ్ అంటారు. మొదట్లో మరీ లోతుగా మలుపులోకి లాక్కుపోవద్దు. వెనక 220 కిలోలే ఉన్నాయని మరవకండి. గట్టి బ్రేకుతో స్టీరింగు తిప్పితే తోక పక్కకొస్తుంది.

బ్రేకు వేయడంలో కూడా ఒక మెలకువ ఉంది. పెడలును తన్నొద్దు. బరువు ముందుకు చేరడానికి పావు సెకను పడుతుంది. అది చేరకముందే పూర్తి ఒత్తిడి ఇస్తే తేలిగ్గా ఉన్న టైరు బిగుసుకుంటుంది, ఏబీఎస్ అందుకుని పెడలు టకటకా కొట్టుకుంటుంది. ఒకటి అనేలోపు సగం, రెండు అనేలోపు పూర్తిగా నొక్కండి, వేళ్లతో లెక్క పెట్టేంత నెమ్మదిగా కాదు, గబగబా. ఏబీఎస్ సరిగ్గా అందుకోబోయే ముందున్న ఒత్తిడే మీకు కావలసింది. అది అందుకుంటే వెంట్రుకవాసి సడలించండి. కానీ ఆపదలో ఏబీఎస్ కొట్టుకుంటున్నా కాలు ఎత్తకూడదు, గట్టిగా అలాగే ఉంచి స్టీరింగుతో తప్పించుకోవాలి. ఏబీఎస్ ఉన్నది అందుకే.

బ్రేకు గుర్తుగా కదలనిదాన్ని పెట్టుకోండి: దూరం రాసిన బోర్డు, తారు మీది అతుకు, గోడ చివర. నీడను పెట్టుకుంటే మధ్యాహ్నానికి జరిగిపోతుంది. మొదటి సెషన్‌లో ఇప్పుడు వేస్తున్న చోటుకు 20 మీటర్ల ముందే వేయండి. వేగం మరీ ఎక్కువ తగ్గిపోయి, మలుపు తీరిగ్గా తిప్పగలుగుతారు. అప్పుడు ఒక్కొక్క కారు పొడవు, అంటే నాలుగేసి మీటర్లు మలుపు వైపు జరుపుతూ పోండి. ఎపెక్స్ తప్పగానే జరపడం ఆపి, బ్రేకు చోటును ఒక కారు పొడవు వెనక్కి తెచ్చుకోండి. అదే మీ బ్రేకు గుర్తు.

ఎపెక్స్ సంగతి. మలుపు లోపలి అంచును బండి తాకే చోటది. బయటి అంచు నుంచి వచ్చి, లోపలి అంచు తాకి, మళ్లీ బయటి అంచుకు పోతే మలుపు వ్యాసార్ధం పెరుగుతుంది. 30 మీటర్ల వ్యాసార్ధంలో అదే 0.8 పట్టుతో గంటకు 55 కిలోమీటర్లు వెళ్లగలిగితే, 40 మీటర్లకు 64 వెళ్లొచ్చు. కొత్తవాళ్లందరూ తొందరపడి ముందే తిప్పి, ముందే లోపలి అంచు తాకుతారు. అప్పుడు మలుపు ఇంకా మిగిలే ఉంటుంది, రోడ్డు అయిపోతుంది. మలుపు సగం దాటాక ఎపెక్స్ వచ్చేలా చూసుకోండి. గుర్తు సులభం: ఎపెక్స్ దాటాక స్టీరింగు ఇంకా తిప్పాల్సి వస్తోందంటే మీరు ముందే తిప్పారు. ఎపెక్స్ నుంచి చేతులు విప్పుకుంటూ పోవాలి, చేతులు ఎంత విప్పితే యాక్సిలరేటర్ అంత లోపలికి పోవాలి. మీ బండిలో లాగేవీ తిరిగేవీ ముందు చక్రాలే కాబట్టి, స్టీరింగు తిరిగి ఉండగానే కాలు నొక్కితే మళ్లీ అదే జారుడు. చూపు మాత్రం ఎప్పుడూ ఒక మెట్టు ముందుండాలి: బ్రేకు వేస్తుంటే ఎపెక్స్ మీద, ఎపెక్స్ దగ్గరకొస్తుంటే బయటి అంచు మీద.

బండి బయటికి జారితే స్టీరింగు కొంచెం వెనక్కి తిప్పి, యాక్సిలరేటర్ కొద్దిగా సడలించండి. మనసు ఒప్పుకోదు, కానీ టైరు మళ్లీ పట్టేది అప్పుడే. కాలు పూర్తిగా లాగేస్తే బరువంతా ముందుకొచ్చి తోక తిరుగుతుంది. తోక తిరిగితే మీరు పోవాల్సిన వైపు చూస్తూ అటే స్టీరింగు తిప్పాలి, బ్రేకు ముట్టకూడదు. ఇక దక్కదనిపిస్తే క్లచ్చూ బ్రేకూ రెండూ పూర్తిగా తొక్కి, బండి ఆగేదాకా అలాగే ఉండండి. రెండు చక్రాలు గడ్డిలోకి దిగితే వెంటనే లాగొద్దు. నేరుగా పోనిచ్చి, వేగం తగ్గాక తారు మీదికి ఏటవాలుగా ఎక్కించాలి. వెంటనే లాగితే బండి తలకిందులయ్యే ప్రమాదం ఉంది.

గేర్ల విషయంలో మా మాట మీకు నచ్చకపోవచ్చు. మొదటి రెండు సెషన్లు రెండో గేరే వాడొద్దు. మలుపులన్నీ మూడులోనే తిప్పండి. టైము కొంత పోతుంది, కానీ బ్రేకు మీద మనసు నిలుస్తుంది. అది కుదిరాక గేరు కలుపుకోండి.

మూడు నుంచి రెండుకు దించితే మీ ఇంజను దాదాపు ఒకటిన్నర రెట్లు వేగంగా తిరగాలి. నిమిషానికి 3000 చుట్లు తిరుగుతున్నది 4500కి రావాలి. మీరు క్లచ్చు వదిలినప్పుడు ఇంజనును ఆ వేగానికి లాగుతున్నది ముందు టైర్లే. అందుకే గుంజు, అందుకే కీచు. మలుపు ముంగిట ఉన్న పట్టునంతా ఆ పని తినేస్తోంది. దీనికి విరుగుడు, క్లచ్చు తొక్కి ఉండగానే యాక్సిలరేటర్‌ను ఒక్కసారి తట్టి ఇంజనును పైకి లేపడం. ట్రాకు మీద అప్పుడు కుడికాలు బ్రేకు మీదుంటుంది కాబట్టి ఒకే పాదంతో రెండూ చేయాలి. దాన్నే హీల్ అండ్ టో అంటారు. పేరులో మడమ ఉన్నా మడమతో పని లేదు. పాదం ముందు మెత్త బ్రేకు మీద ఉంచి, పాదం కుడి అంచును పక్కకు దొర్లించి యాక్సిలరేటర్‌ను తాకాలి. వరుస ఇది: బ్రేకు, వేగం మూడొంతులు తగ్గాక క్లచ్చు, లివరు రెండులోకి, తట్టు, క్లచ్చు పైకి. ఇదంతా జరుగుతున్నంతసేపు బ్రేకు మీది ఒత్తిడి మారకూడదు. కష్టమంతా అక్కడే ఉంది. బ్రేకు పెడలు మామూలుగా యాక్సిలరేటర్ కన్నా ఎత్తుగా ఉంటుంది, గట్టిగా తొక్కినప్పుడే రెండూ సమానమవుతాయి. అందుకే ఊళ్లో మెల్లగా బ్రేకు వేస్తూ ప్రయత్నిస్తే కాలు అందదు, దానికి నిరాశపడొద్దు. కొన్ని బండ్లలో బ్రేకు తొక్కి ఉంటే కంప్యూటరు యాక్సిలరేటర్‌ను పట్టించుకోదు. బండి నిలబెట్టి, ఇంజను ఆన్ చేసి, బ్రేకు తొక్కి ఒకసారి తట్టి చూసుకోండి.

మూడో గేరులో 4000 పైన ఉంటే రెండుకు దించొద్దు, ఇంజను 6000 దాటిపోతుంది. వేగం తగ్గించడం బ్రేకుల పని, ఇంజనుది కాదు. ప్యాడ్లు అరిగితే కొత్తవి వేసుకోవచ్చు, గేర్‌బాక్సు పోతే ఆ ఖర్చు ఇంకో లెక్క. ఐదు నుంచి నాలుగుకు వచ్చేటప్పుడు మరీ జాగ్రత్త. లివరును పిడికిట బిగించి అవతలికి తోస్తే రెండులో పడుతుంది. ఇంజను వేగం దాదాపు రెండున్నర రెట్లవుతుంది, అంటే 3600 మీదున్నది 9000. ఇంజను వేగం హద్దు దాటకుండా చూసే రెవ్ లిమిటర్ ఆపుతుందనుకోవద్దు. అది పెట్రోలు ఆపగలదే తప్ప, చక్రాలు తిప్పుతున్న ఇంజనును ఆపలేదు. వాల్వులు పిస్టన్లకు కొట్టుకుంటాయి. అరచేతితో వదులుగా నేరుగా వెనక్కి లాగండి, మధ్య వరుసకు స్ప్రింగే తెస్తుంది. పైకి మార్చేటప్పుడు 6000 చాలు, మీ ఇంజను గరిష్ఠ శక్తి అక్కడే ఉంది.

ఇక ప్రాక్టీసు. హైవే వద్దు, ఘాట్ అసలే వద్దు. ట్రాకులో ఎదురు బండి రాదు, తప్పు చేస్తే జారడానికి జాగా ఉంటుంది, జెండా పట్టుకుని మనిషి ఉంటాడు. గువ్వలచెరువు మలుపులో మీరు తప్పు చేస్తే ఎదురుగా సిమెంటు లారీ ఉంటుంది, లేదా లోయ ఉంటుంది. కోతల కాలంలో మన రోడ్ల మీద కాయలు, గింజలు ఆరబోసి ఉంటాయి, వాటి మీద టైరు పట్టు ఏమీ ఉండదు. అనుమతి లేకుండా రోడ్డు మీద పందేలు, వేగ పరీక్షలు చేస్తే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను కింద మొదటిసారికే మూడు నెలల దాకా జైలు, లేదా 5000 దాకా జరిమానా, లేదా రెండూ. పైగా రేసింగులో, వేగ పరీక్షల్లో జరిగిన నష్టానికి మామూలు కారు ఇన్సూరెన్సు వర్తించదు.

రోడ్డు మీద మామూలు వేగంలో నేర్చుకోగలిగినవి చాలానే ఉన్నాయి. సప్తగిరి సర్కిల్‌లో సిగ్నల్ పడితే, పక్కన కూర్చున్నవాళ్ల తల ఊగకుండా బండి ఆపి చూడండి. చివరి మీటరులో పెడలు మీద బరువు తీసేస్తూ ఆపితేనే అది సాధ్యం. ట్రాకు మీద మీకు కావలసిన పాదమూ అదే. 40 వేగంలో బ్రేకు ముట్టకుండా మూడు నుంచి రెండుకు తట్టి దించండి. కుదుపు తెలియకపోతే సరిగ్గా తట్టినట్టు. యజమాని ఒప్పుకున్న గట్టి నేల, ఖాళీ మైదానం దొరికితే 50 వేగంలో ఏబీఎస్ పనిచేసేదాకా బ్రేకు వేసి ఆ కొట్టుకోవడం కాలికి అలవాటు చేసుకోండి. పొడి తారు మీద 50 నుంచి ఆగడానికి 12 మీటర్లు చాలు. మట్టి మీద చాలా ఎక్కువ పడుతుంది, చుట్టూ జాగా చూసుకోండి. బెంగళూరు మీకు దగ్గరే, కార్టింగ్ (చిన్న రేసు బండ్ల) ట్రాకులున్నాయి. కార్టుకు గేర్లుండవు, బ్రేకు సాధారణంగా వెనక చక్రాలకే ఉంటుంది. ఎడాపెడా తొక్కితే వెంటనే తిరిగిపోయి మీ తప్పు మీకే చూపిస్తుంది. రెండు గంటల కార్టింగ్ మీ కారులో ఒక రోజంత నేర్పుతుంది. తర్వాత పోటీల్లో దిగాలనుకుంటే దేశంలో మోటారు పోటీలను చూసే సమాఖ్య ఎఫ్‌ఎంఎస్‌సీఐ లైసెన్సు తీసుకోవాలి.

టైర్ల గాలి విషయం మీరు అడగలేదు, చెప్పక తప్పదు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు డోరు దగ్గర రాసిన ఒత్తిడి పెట్టండి. నాలుగు ల్యాపులకు 4 నుంచి 6 పీఎస్‌ఐ పెరుగుతుంది. లోపలికి రాగానే, చల్లారకముందే కొలిచి కాగితం మీద రాసుకోండి. టైరు అంచు నుంచి పక్క గోడ మీదికి సుద్దముక్కతో గీత గీసి పంపితే, గీత ఎంతవరకు చెరిగిందో చూసి తెలుసుకోవచ్చు. పక్క గోడ దాకా చెరిగితే గాలి తక్కువ, అంచు కూడా తాకకపోతే ఎక్కువ. ఒక్కొక్క పీఎస్‌ఐ మాత్రమే మార్చండి.

వేడి టైర్లలోంచి గాలి తీసి ఉంటే, సాయంత్రం టైర్లు చల్లారాక మళ్లీ డోరు మీది అంకెకు నింపాలి. తక్కువ గాలితో అనంతపురం దాకా ఎండలో హైవే మీద పరుగెత్తితే టైరు పక్క గోడ వేడెక్కి చీలిపోతుంది. బయలుదేరే ముందు టార్క్ రెంచితో చక్రాల నట్లు మాన్యువల్‌లో ఇచ్చిన బిగువుకు చూసుకోండి, ముందు ప్యాడ్ల మందం చూడండి. ఇంజను ఆన్ చేసి బ్రేకు పెడలును అర నిమిషం గట్టిగా తొక్కి పట్టుకోండి. అది మెల్లగానైనా కిందికి దిగుతుంటే ఆ రాత్రి అక్కడే ఉండిపోయి, పొద్దున మెకానిక్‌ను పిలిపించండి.